0.01 మోలార్ సల్ఫ్యూరిక్ యాసిడ్ పీహెచ్: 1.70 కరెక్టా, 1.84 కరెక్టా?

బెజవాడ_నాన్న: మా అమ్మాయి బెంజి సర్కిల్ దగ్గర కోచింగ్‌లో ఉంది. వీక్లీ టెస్టులో ఈ లెక్కకి 1.84 వేసింది. కీలో 1.70. మార్కులు పోయాయని రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు. బలమైన ఆమ్లం నీళ్లలో పూర్తిగా విడిపోతుందనే కదా మనమూ చదువుకున్నాం?

కెమిస్ట్రీ_సార్: కీ కరెక్టేనండీ. ఒక్కో అణువు నుంచి రెండు ప్రోటాన్లు, అంటే లీటరుకి 0.02 మోల్స్. లాగ్ తీసి మైనస్ గుర్తు తీసేస్తే పీహెచ్ 1.70. అయిపోయింది.

గవర్నర్‌పేట_లెక్చరర్: అవలేదు మాస్టారూ. మొదటి ప్రోటాన్ పూర్తిగా ఊడుతుంది, ఒప్పుకుంటా. రెండోది ఊడాల్సింది బైసల్ఫేట్ నుంచి, అంటే మొదటి ప్రోటాన్ పోయాక మిగిలిన అయాన్ నుంచి. దానికి అప్పటికే మైనస్ చార్జి ఉంది, ప్లస్ ప్రోటాన్‌ని అంత తేలిగ్గా వదలదు. అది ఎంతవరకు విడిపోతుందో చెప్పే స్థిరాంకం 25 డిగ్రీల దగ్గర సుమారు 0.012. పైగా మొదటి విడతలో వచ్చిన 0.01 ప్రోటాన్లు రెండోదాన్ని వెనక్కి నెడుతుంటాయి. వర్గసమీకరణం వేసి చూడండి, రెండో విడతలో వచ్చేది 0.0045. మొత్తం 0.0145, పీహెచ్ 1.84. అంటే బైసల్ఫేట్‌లో సగం కూడా విడిపోలేదు. మీరన్న రెండింతల లెక్క 0.0001 మోలార్‌కి దాదాపు సరిపోతుంది, అక్కడ నూటికి 98 పైనే విడిపోతుంది. 0.01కి కుదరదు.

ఆటోనగర్_బ్యాటరీలు: సగం కూడా విడిపోకపోతే నా చొక్కాలకి ఇన్ని చిల్లులెందుకు పడుతున్నాయి గురువు గారూ?

గవర్నర్‌పేట_లెక్చరర్: హహ. ఫుల్ చార్జి బ్యాటరీలో యాసిడ్ సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ 1.28 చూపిస్తుందిగా, అది దాదాపు 5 మోలార్ బాబూ. అంత చిక్కటి యాసిడ్‌లో బైసల్ఫేట్ చాలావరకు బైసల్ఫేట్‌గానే ఉంటుంది. చొక్కాకి మొదటి ప్రోటానే ఎక్కువ.

కెమిస్ట్రీ_సార్: అలాగైతే హెచ్‌సీఎల్ (హైడ్రోక్లోరిక్ యాసిడ్) కూడా పూర్తిగా విడిపోదంటారా?

గవర్నర్‌పేట_లెక్చరర్: దానికి ఉన్నదే ఒక్క ప్రోటాన్. 0.01 దగ్గర పీహెచ్ 2 అని నిశ్చింతగా రాసుకోవచ్చు. పేచీ రెండో ప్రోటాన్‌తోనే.

కెమిస్ట్రీ_సార్: సరే, థియరీ మీదే. కానీ ఆ ప్రశ్నలో రెండో స్థిరాంకం ఇవ్వలేదు కదా. ఇవ్వనప్పుడు పూర్తిగా విడిపోయినట్టే తీసుకోమని క్లాసులో చెప్తాం.

బెజవాడ_నాన్న: సార్, పేపర్ నేనిక్కడ పెట్టనేలేదు. స్థిరాంకం ఇవ్వలేదని మీకెలా తెలిసింది?