డే పాసా, విడి టికెట్లా?

పెద్ద నగరంలో మూడు రోజులు, నలుగురు మనుషులు, రెండు బడ్జెట్లు. ఇద్దరికి మెట్రో, సిటీ బస్సు చాలు. మిగతా ఇద్దరు అవసరమైతే ట్యాక్సీ అంటున్నారు. పాస్ ధర నాలుగు టికెట్లంత ఉంటే, రోజుకు ఐదో ప్రయాణం నుంచే లాభం. చిక్కంతా గడువుతోనే. కొన్ని పాస్‌లు గేటు దగ్గర మొదటిసారి ఆనించినప్పటి నుంచి 24 గంటలు పనిచేస్తాయి, కొన్ని ఆ రోజు సర్వీసు అయిపోగానే చెల్లవు. సాయంత్రం దిగి రెండో రకం కొంటే డబ్బు గంగలో పోసినట్టే. ఎయిర్‌పోర్టు లైను చాలాచోట్ల పాస్‌లో కలవదు కూడా.

నలుగురూ కలిసే వెళ్లే దగ్గరి దూరాలకు ట్యాక్సీయే చవకవుతుందా? ఒకే టికెట్‌తో ఏ స్టాపులోనైనా ఎక్కి దిగే టూరిస్టు బస్సును, ఊరి దారులు తెలియడానికి మొదటి రోజే తీసుకోవాలా, లేక ట్రాఫిక్‌లో సగం పూట పోతుందా? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.