‘కంట్రీ ఫుడ్’కు తెలుగేమిటి: సంప్రదాయ ఆహారమా, నాటు తిండా?

ప్రశ్న: కెనడా ఉత్తరాదిన ఉండే ఇన్యూయిట్ ప్రజల ఆరోగ్యం, జీవనం మీద వచ్చిన కొన్ని పరిశోధన వ్యాసాలను తెలుగులోకి తెస్తున్నాను. వాటిలో ‘కంట్రీ ఫుడ్’ అనే మాట అడుగడుగునా వస్తోంది. సీలు అనే సముద్ర జంతువు, కారిబూ అనే దుప్పి జాతి జంతువు, తిమింగలం, చార్ చేప, మంచునేల మీద కాసే చిన్నచిన్న పండ్లు, ఇవన్నీ ఆ మాట కిందికే వస్తాయి. నేను ‘సంప్రదాయ ఆహారం’ అని రాశాను గానీ, తిరిగి చదువుకుంటే పండగపూట అరిసెలూ పులిహోరా గుర్తుకొస్తున్నాయి. పెద్దలెవరైనా సరైన మాట చెప్పగలరా?

జవాబు: అమ్మా, మీ అనుమానం సరైనదే. మంచు మీద నడిచే స్నోమొబైల్ బండి ఎక్కి, తుపాకీ, జీపీఎస్ వెంటబెట్టుకుని వెళ్ళి తెచ్చుకునే ఈ తిండి తాతలనాటి జ్ఞాపకం కాదు, ఈ పూట పొయ్యి దగ్గరిది, ఒక్కోసారి పొయ్యి ఎక్కకుండా పచ్చిగానే తినేది. దాన్ని ‘సంప్రదాయం’ అంటే అద్దాల బీరువాలో పెట్టినట్టవుతుంది.

‘కంట్రీ’ అనే విశేషణం మనకు కొత్తది కాదు. దొరల కాలంలో ఓడల మీద వచ్చిన సరుకు నుంచి ఇక్కడి సరుకును వేరుచేసి చెప్పడానికి, కొంత చిన్నచూపుతోనే, ఈ మాట వాడేవారు. దానికి మనవాళ్ళు పెట్టుకున్న జోడీ ‘నాటు’. నాటుకోడి, నాటుసారా, నాటుబాంబు, నాటుపడవ, నాటుతుపాకీ, వీటిలో ప్రతిదానికీ ఇంగ్లీషులో ముందు ‘కంట్రీ’యే ఉంటుంది. పలనాడు, వెలనాడు అన్నప్పటి ‘నాడు’ నుంచి వచ్చిన మాట కనుక వ్యుత్పత్తిలోనూ అచ్చంగా సరిపోతుంది. దీనికి ఎదురు నిలిచేది ‘సీమ’: సీమసున్నం, సీమచింత, సీమవంకాయ. ‘సీమ’ అన్నా ప్రాంతమే కదా, అయినా ఒకటి పైనుంచి దిగినదానికీ, మరొకటి ఇంటిదానికీ గుర్తుగా నిలిచిపోవడం చిత్రమే. కెనడా ఉత్తరాన ఇన్యూయిట్ ఎక్కువగా ఉండే నునావుట్ ప్రాంతంలో ఈ తేడా ఇంకా పచ్చిగా కనిపిస్తుంది. అక్కడి 25 ఊళ్ళలో దేనికీ కెనడా దక్షిణాది నుంచి రోడ్డు లేదు. పిండి, చక్కెర, డబ్బా మాంసం, నూడుల్స్ విమానంలో రావాలి, లేదా వేసవిలో మంచు కరిగాక ఓడలో రావాలి. అది వాళ్ళ సీమ తిండి. సముద్రపు మంచు మీదా, మైదానం మీదా దొరికేది నాటు తిండి.

అయితే ఇనుక్టిటుట్ భాషలో ఆ ప్రజలు వాడుకునే మాటను కూడా చూడాలి. ‘నిఖి’ అంటే మాంసం, తిండి అన్నా అదే. (ఇందులోని ‘ఖ’ గొంతు లోపలి నుంచి వచ్చే ధ్వని, దానికి మనకు అక్షరం లేదు.) సీలు, కారిబూ వంటివాటిని ‘నిఖితుయిన్నఖ్’, అంటే అసలైన తిండి, అంటారు. మనం ‘అన్నం తిన్నారా’ అని అడిగినప్పుడు నాలుగు ఇడ్లీలు తిన్న మనిషి కూడా ‘ఇంకా లేదండీ’ అనడం లేదూ, అటువంటిదే ఇది. అల్మరా నిండా నూడుల్స్ పొట్లాలున్న ఇంట్లోనూ నిఖి లేకపోవచ్చు.

పరిశోధకులు తడబడే చోటు కూడా ఇదే. 2007–08లో జరిగిన ఇన్యూయిట్ ఆరోగ్య సర్వేలో, నునావుట్‌లో చిన్నపిల్లలున్న ఇళ్ళలో దాదాపు 70 శాతం ఇళ్ళకు తిండి భద్రత లేదని తేలింది. అయితే ఇటువంటి సర్వేల ప్రశ్నలు సాధారణంగా ‘డబ్బు లేక తిండి చాలకపోయిందా’ అన్న ధోరణిలో సాగుతాయి. సీలు మాంసాన్ని కొట్లో కొనుక్కోవడం కన్నా బంధువుల వాటాగా అందుకోవడమే ఎక్కువ. అలాగని అది డబ్బుతో పని లేనిదీ కాదు, బండికి పెట్రోలు పోయాలి, తూటాలు కొనాలి. ఒకప్పుడు సీలు తోళ్ళు అమ్మిన సొమ్ముతో ఆ ఖర్చు గడిచేది. 1983లో యూరోపియన్ కమ్యూనిటీ (ఇప్పటి యూరోపియన్ యూనియన్‌కు ముందటి కూటమి) సీలు పిల్లల తోళ్ళ దిగుమతిని ఆపివేసినప్పుడు, ఇన్యూయిట్ వేటాడేది ఆ పిల్లలను కాకపోయినా, మొత్తం తోళ్ళ బజారే కూలిపోయింది. తోలు అమ్ముడుపోకపోతే మాంసం కోసం వెళ్ళే దారి కూడా మూసుకుపోతుందన్న సంగతి ‘సంప్రదాయ ఆహారం’ అనే మాటలో ఎక్కడా వినిపించదు. నా ఓటు ‘నాటు తిండి’కే.

మరొక సభ్యుడు: మాస్టారూ, మీ వాదం బాగుంది గానీ నాకు రెండు అభ్యంతరాలున్నాయి. నాటుకోడి పెరట్లో పెరిగేది, కారిబూ ఎవరూ పెంచనిది. పైగా ‘నాటు’ అనగానే ఈ రోజుల్లో మందులూ కల్తీ లేనిదన్న అర్థం వచ్చేసింది, బజార్లో కోడికి రెట్టింపు ధర పలికేది అందుకే. ‘వేట తిండి’ అంటే పోదా? మన పల్లెకారులు సముద్రం మీదికి వెళ్ళడాన్నీ వేటే అంటారు కనుక నేలా నీరూ రెండూ కలిసొస్తాయి.

జవాబు: ‘వేట’ను నేనూ ఆలోచించాను. సముద్రం సంగతి మీరన్నది నిజమే. అయితే కోస్తాలో వేటమాంసమంటే మేకో పొట్టేలో అవుతుంది, పైగా ఆ మాటలో పండ్లూ, పక్షి గుడ్లూ ఇమడవు. పెంపకం అభ్యంతరాన్ని ఒప్పుకుంటున్నాను, మొదటిసారి వాడిన చోట ఒక వాక్యం వివరణ రాయక తప్పదు.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. 1980లలో క్యుబెక్ పరిశోధకుడు ఎరిక్ దెవాయి, పరిశ్రమల మకిలి అంటని తల్లిపాలతో పోల్చిచూడాలని క్యుబెక్ రాష్ట్రపు ఉత్తర భాగమైన నునావిక్‌లోని ఇన్యూయిట్ తల్లుల పాలను పరీక్షించగా, పీసీబీ అనే విష రసాయనాలు దక్షిణాది తల్లుల పాలలోకన్నా సుమారు 5 రెట్లు ఉన్నట్టు తేలింది. ఎక్కడో కర్మాగారాలు వదిలినవి గాలులతో, ప్రవాహాలతో ఉత్తరానికి చేరి, చిన్న చేప నుంచి పెద్ద చేపకు, దాని నుంచి సీలు, తిమింగలాల కొవ్వుకు చిక్కబడుతూ వచ్చాయన్నమాట. అయినా అదే తిమింగలం చర్మంలో, కూరగాయలు పండని ఆ నేలకు అవసరమైన సి విటమిన్ ఉంది. అందుకే అక్కడి ఆరోగ్యశాఖలు బిడ్డల్ని కనే వయసు స్త్రీలను పాదరసం చేరిన బెలూగా (తెల్ల తిమింగలం) మాంసం వంటివి తగ్గించుకోమన్నాయి గానీ, నాటు తిండే మానేయమనలేదు. కనుక ‘నాటు’కు మన బజారు అంటగట్టిన స్వచ్ఛతను అనువాదంలోకి రానివ్వకూడదన్న మీ హెచ్చరికను ఒప్పుకుంటాను, మాటను మాత్రం వదులుకోను.

అమ్మా, మీకు ఇంకొక్క మనవి. సర్వే ప్రశ్నలను అనువదించేటప్పుడు ‘తినడానికి అన్నం లేని రోజులున్నాయా’ అని రాయకండి. ‘తిండి’ అనండి, చాలు.

ప్రశ్న అడిగినవారు: కృతజ్ఞతలండీ. రెండు చోట్ల ‘అన్నం’ అనే రాసి ఉంచాను, ఇప్పుడే దిద్దుతున్నాను.