రొయ్యల కార్టన్లకు ఉష్ణోగ్రత లేబుళ్లు: కంటైనర్‌కు ఒక లాగర్ చాలదా?

సన్నతెర: కంటైనర్‌కు ఒకటో రెండో లాగర్లు (దారి పొడవునా ఉష్ణోగ్రతను రాసిపెట్టే పరికరాలు) పెట్టి ఎగుమతి చేయడం ఇక చాలదు. ప్రతి మాస్టర్ కార్టన్‌కూ (చిన్న ప్యాకెట్లు సర్దే పెద్ద అట్టపెట్టెకు) పలచని ఎలక్ట్రానిక్ లేబుల్ ఉండాలి. ప్లాస్టిక్ పొర మీదే ప్రాసెసర్ చేయొచ్చని ఆర్మ్, ప్రాగ్మాటిక్ కంపెనీలు 2021లో ప్లాస్టిక్‌ఆర్మ్ అనే వంగే చిప్‌తో చూపించాయి.

డిస్పాచ్_కాకినాడ: చిప్ వంగుతుంది, సరే. బ్యాటరీ ఉందా? లేకపోతే రీడర్ దగ్గర పెట్టినప్పుడే కదా అది పనిచేసేది. సముద్రం మీద ఏం జరిగిందో ఎలా చెబుతుంది?

సన్నతెర: అందుకే పలచని బ్యాటరీ ఉన్న రకం అడుగుతున్నాను.

మందుల_షాపు: బ్యాటరీ లేకుండా కూడా చెప్పొచ్చండి. పోలియో చుక్కల సీసా మీద 1996 నుంచి వీవీఎం (వేడి తగిలితే రంగు మారే గుర్తు) ఉంది. లోపలి చదరం వేడికి ముదురుతుంది, బయటి వలయం రంగుకు వచ్చేస్తే ఆ సీసా పక్కన పెట్టేస్తారు.

సన్నతెర: ఎప్పుడు వేడెక్కిందో అది చెప్పదు. రేవులోనా, ఓడలోనా, అవతలి గోడౌన్‌లోనా తెలియాలంటే లేబుల్‌లో గడియారం ఉండాలి.

డిస్పాచ్_కాకినాడ: ఆ లేబుల్‌ను చదివేది రేడియో తరంగాలతోనే కదా. తడి కార్టన్ మీదున్న రేడియో ట్యాగ్‌ను రీడర్ చదవలేదు. మా దగ్గర ట్రయల్‌లో చూశాం.

సన్నతెర: నీళ్లు మింగినంతగా మంచు రేడియో తరంగాలను మింగదు.

డిస్పాచ్_కాకినాడ: మంచు లోపల ఉంటుందండీ. డాక్‌లో తలుపు తీయగానే అట్ట మీద పట్టేది చెమ్మ. చెమ్మంటే నీళ్లే.

సన్నతెర: లేబుల్‌ను అట్ట లోపలి వైపు అంటించండి.

డిస్పాచ్_కాకినాడ: లోపలా చెమ్మే.

భీమవరం_చెరువు: చెమ్మ దగ్గరే ఆగిపోయారు ఇద్దరూ. ఆ లేబుల్ ఖర్చు చివరికి మా వంద కౌంట్ (కిలోకు వంద తూగే రొయ్య) రేటులోనే కోస్తారు. ఆ సంగతి మాట్లాడండి.

సన్నతెర: ఒక్క కంటైనర్ వెనక్కి వస్తే పోయే డబ్బుతో పోలిస్తే అదెంత?

డిస్పాచ్_కాకినాడ: వెనక్కి రావడం గురించి నాకు చెప్పకండి. పోయిన ఏడు మా కంటైనర్ దిగాక, తలుపు దగ్గరి లాగర్‌లో మైనస్ 18 ఉండాల్సింది మైనస్ 11 చూపించిందని అవతల కొన్నవాళ్లు బిల్లులో కోత పెట్టారు. సరుకు రాయిలా ఉంది. లాగర్ ఫైలు మొత్తం పంపమంటే గ్రాఫ్ ఫొటో ఒకటి పంపారు. అందులో అన్‌లోడింగ్ గంటలే ఉన్నాయి, ప్రయాణం మొత్తం కత్తిరించేశారు.

సన్నతెర: నేను మొత్తుకునేది అదే కదా! కార్టన్‌కో లేబుల్ ఉంటే తలుపు దగ్గరి నాలుగు వరసలే వేడెక్కాయని తేలిపోయేది.

డిస్పాచ్_కాకినాడ: ఎవరికి తేలేది? రీడింగులు వెళ్లేది వాళ్ల సర్వర్‌లోకి. ఒక్క లాగర్‌తోనే అంత కోత పెట్టినవాళ్ల చేతికి వెయ్యి లేబుళ్లు ఇమ్మంటారా? డబ్బు మాది, లెక్క వాళ్లదా?

మందుల_షాపు: అసలు గొడవ ఇదన్నమాట.

సన్నతెర: రీడింగులు ఇద్దరికీ కనిపించాలని ఒప్పందంలో రాయించుకోండి.

భీమవరం_చెరువు: రాయించుకునే బలం కంపెనీకే లేకపోతే గట్టు మీద నిలబడ్డ నాకెక్కడిదండీ? కోత పడిందని మాకు తెలిసేది తర్వాతిసారి చెరువులో రొయ్యలు పట్టేటప్పుడు రేటు చెప్పినప్పుడే.

డిస్పాచ్_కాకినాడ: ఎవరి లాగిన్‌తోనూ పని లేకుండా, మామూలు ఫోన్‌తో అక్కడే నిలబడి చదివే లేబుల్ తీసుకురండి. కార్టన్లు నేనిస్తాను, ట్రయల్ చేద్దాం.

సన్నతెర: ఎన్‌ఎఫ్‌సీ రకాన్ని (ఫోన్ ఆనిస్తే చదివే లేబుల్) అలాగే చదవొచ్చు. కానీ ఒక్కో కార్టన్‌కూ ఫోన్ ఆనించాలి. అవతల అన్‌లోడింగ్‌లో అంతసేపు ఎవరు ఆగుతారు?

డిస్పాచ్_కాకినాడ: కోత పెట్టాలంటే ఆగాల్సిందే. చదవని కార్టన్‌కు కోత లేదు. మీరన్న ఒప్పందంలో రాయాల్సిన మొదటి మాట అదే.