కాశీలో తొమ్మిది నిద్రలు చేయాల్సిందేనా? ఇంట్లో పెద్ద గొడవ

వలసరవాక్కం అమ్మాయి:
అమ్మకి డెబ్బై దాటాయి. మోకాళ్ళు మొరాయించకముందే కాశీ వెళ్ళాలంటోంది. నాన్న పోయాక ఆవిడ నోరు తెరిచి అడిగిన కోరిక ఇదొక్కటే. తీసుకెళ్ళడానికి నేనూ తమ్ముడూ రెడీ. పేచీ అంతా ఎన్ని రోజులన్న దగ్గరే. తొమ్మిది నెలలు తల్లి కడుపులో ఉన్నందుకు కాశీలో తొమ్మిది రాత్రులు నిద్ర చేస్తే మళ్ళీ గర్భవాసం ఉండదని అమ్మ నమ్మకం. మా అమ్మమ్మ చేసిందట, తనూ చేస్తానంటోంది. తమ్ముడేమో బెంగళూరు నుంచి ఒక ప్యాకేజీ పంపాడు. శుక్రవారం ఫ్లైట్, సోమవారం వాపసు, కాశీ, ప్రయాగ, అయోధ్య, గయ అన్నీ కవర్. పైగా "తొమ్మిదని ఏ శాస్త్రంలో ఉంది, చూపించు" అని అమ్మనే నిలదీశాడు. లీవు సంగతి నేను చూసుకుంటాను. ఎవరిది రైటో చెప్పండి.

పప్పుచారు:
నాలుగు రోజుల్లో నాలుగు ఊళ్ళు టూమచ్. కానీ తమ్ముడి ప్రశ్న మాత్రం సరైనదే. కాశీ చుట్టూ తిరిగే పంచక్రోశి యాత్రకి ఐదు రోజులు. తీర్థంలో మూడు రాత్రులు ఉంటే చాలనేవాళ్ళూ ఉన్నారు. తొమ్మిది లెక్క నేను విన్నంతవరకు మన తెలుగిళ్ళలోనే ఎక్కువ. మా ఎదురింటి తమిళ మామీకి ఆ మాటే తెలీదు. ఆవిడ లెక్క ప్రకారం రామేశ్వరం ఇసుక ప్రయాగలో కలిపి, గంగ తెచ్చి రామనాథస్వామికి అభిషేకం చేయిస్తేనే యాత్ర పూర్తి. ఇంటికో రూలు ఉందంటే అసలు రూలే లేదన్నమాట.

కేదారఘాట్ మెట్లు:
ఇంటికో రూలు ఉంటే ఎవరింటి రూలు వాళ్ళు పాటిస్తారు, అంతే కదండీ. పెళ్ళిలో కాశీయాత్రకి గొడుగు పట్టుకుని బయల్దేరినవాణ్ణి ఏ శ్లోకం ప్రకారం వెళ్తున్నావని ఎవరైనా ఆపారా?

తొమ్మిది రోజులుంటే ఏమవుతుందో చెప్తాను. ఒక్కరోజులో వచ్చేవాళ్ళు విశ్వనాథుడు, అన్నపూర్ణ, విశాలాక్షి, సాయంత్రం హారతి చూసి పోతారు. మూడో రోజుకి ఆ హడావుడి తీరిపోతుంది. అప్పుడు తెల్లవారకముందే లేచి వారాహి గుడికి వెళ్ళొచ్చు. అమ్మవారు నేలమాళిగలో ఉంటుంది. పైన నేలకున్న రంధ్రాల్లోంచి వంగి చూడాలి, ఒక దాంట్లోంచి ముఖం, ఇంకో దాంట్లోంచి పాదాలు. వెనకాల క్యూ నెడుతూనే ఉంటుంది. పొద్దెక్కితే తలుపులు మూసేస్తారు. ఇంకో రోజు పంచగంగ ఘాట్ దగ్గర త్రైలింగస్వామి మఠం చూడండి. విజయనగరం వైపు నుంచి వెళ్ళి 1887లో అక్కడే సమాధి అయిన మనవాడు.

కేదార ఘాట్‌కైతే రోజూ వెళ్ళాలనిపిస్తుంది. ఎరుపు తెలుపు చారల మెట్లు, పైన గుడి, పక్కనే విజయనగరం రాజుల ఘాట్. అక్కడి నుంచి మానస సరోవర్ దాకా తెలుగు బోర్డులే. పడవవాడు "అమ్మా, రండి" అని తెలుగులోనే పిలుస్తాడు. ఆంధ్రాశ్రమాల్లో మధ్యాహ్నం పప్పు, పచ్చడి, చారుతో భోజనం పెడతారు, పేరు మాత్రం ముందే రాయించుకోవాలి. ఈ సౌకర్యమంతా తొమ్మిది రాత్రులు ఉండేవాళ్ళ వల్లే పుట్టింది. అందరూ మీ తమ్ముడిలా సోమవారానికి తిరిగొచ్చేస్తే ఆ వీధిలో తెలుగు వినపడదు.

పప్పుచారు:
అక్కడి తెలుగు బోర్డులు నిలవడానికి డెబ్బై ఏళ్ళావిడ తొమ్మిది రోజులు మెట్లెక్కి దిగాలా? పూర్వం రోజులు ఎక్కువ పట్టాయంటే భక్తి ఎక్కువై కాదు, రైలు లేక. మన చెన్నై ఆయనే, కాశీయాత్ర చరిత్ర రాసిన ఏనుగుల వీరాస్వామయ్య ఉన్నాడుగా. అప్పటి మద్రాసు సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రిటర్. 1830 మేలో బయల్దేరి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చాడు. చుట్టూ దాదాపు నూరుమంది పరివారం, బోయీలు, పల్లకీ. అంత సెలవు, అంత డబ్బు ఎవరికున్నాయి? లేనివాళ్ళకి "కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానం" అన్న సామెతే మిగిలింది. నెమ్మదిగా చేస్తేనే యాత్ర అనడం ఉన్నవాళ్ళ మాట.

తండయారుపేట:
వీరాస్వామయ్య పేరెత్తారు కాబట్టి మా పేట తరఫున ఒక మాట. ఆయనకి డబ్బుంది, నిజమే. కానీ దారిలో ఏ ఊళ్ళో నీళ్ళు మంచివి, ఎక్కడ బియ్యం దొరుకుతాయి, ఎక్కడ సుంకం గుంజుతారు అన్నీ రాసి ఇక్కడి స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళకి పంపాడు. ఆయన 1838లో అచ్చు వేయించాడు. తర్వాత వెళ్ళే మామూలు జనానికి పనికొచ్చే సంగతులవి. ప్రయాగలో, గయలో అప్పట్లో ఈస్టిండియా కంపెనీ వాళ్ళు యాత్రికుల దగ్గర పన్ను వసూలు చేసేవారు, 1840లో గాని అది పోలేదు. అన్ని ఇబ్బందుల్లోనూ లేనివాళ్ళు నడిచైనా వెళ్ళారు. ఉన్నవాళ్ళ వ్యవహారం అని కొట్టేయకండి.

అన్నట్టు, తమిళ వ్యాపారులైన నాట్టుకోట్టై చెట్టియార్ల సత్రం 1863 నుంచీ కాశీలో ఉంది. ఈనాటికీ విశ్వనాథుడి పూజకి సామగ్రి వాళ్ళ దగ్గర్నుంచి వెళ్తుంది. మన తెలుగు కోమట్లు, రెడ్లు, జమీందార్లు కట్టినవీ ఉన్నాయి గానీ అంత పట్టుగా నడిపినవి తక్కువ. ఇది నా ఏడుపు, టాపిక్‌కి సంబంధం లేదు.

వీల్‌చైర్ మేనల్లుడు:
ఎన్ని రోజులన్నది తర్వాత. ముందు విశ్వనాథుడి గుడికి కొత్తగా వేసిన కారిడార్‌కి దండం పెట్టండి. ఇదివరకు విశ్వనాథ్ గల్లీలో ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకి అతుక్కోవాలి. ఆవు వస్తే ఇద్దరూ అతుక్కోవాలి. 2021 డిసెంబరు 13న కొత్త ప్రాంగణం తెరిచాక మా మామయ్యని వీల్‌చైర్‌లో గుడి దగ్గరిదాకా తోసుకెళ్ళాను. మూడువేల చదరపు అడుగుల చోటు దాదాపు ఐదు లక్షలైంది.

కేదారఘాట్ మెట్లు:
ఆ ఐదు లక్షల కోసం మూడొందలకు పైగా కట్టడాలు కొని పడగొట్టారు. లాహోరీ టోలా అనే పాత పేట పేటే లేదు. ఇళ్ళ మధ్య కూరుకుపోయిన పాత గుళ్ళు బయటపడ్డాయి, కాదనను. కానీ ఆ సందుల్లో తరతరాలుగా యాత్రికులకి గదులిచ్చి, వంట చేసిపెట్టి బతికినవాళ్ళు ఎటు పోయారు? గుడికి దారి వెడల్పు చేయడం వేరు, ఊరిని ఖాళీ చేయించడం వేరు.

వీల్‌చైర్ మేనల్లుడు:
ఔరంగజేబు 1669లో గుడి పడగొట్టించాడు. ఇప్పుడున్న గుడి అహల్యాబాయి హోల్కర్ 1780లో కట్టించింది. శిఖరాల మీది బంగారం రంజిత్ సింగ్ ఇచ్చింది. మీరు ఇష్టపడే రాతి ఘాట్లలో చాలావరకు 18వ శతాబ్దపు మరాఠాల చలవే. ప్రతి తరమూ అక్కడేదో ఒకటి మార్చింది. మన తరం మారిస్తేనే తప్పా?

కేదారఘాట్ మెట్లు:
వాళ్ళు ఏమీ లేనిచోట కట్టారండీ, ఉన్నది తీసి కాదు.

వీల్‌చైర్ మేనల్లుడు:
ఘాట్ల దగ్గర అంతకుముందు ఏమీ లేదని మీకెలా తెలుసు?

వలసరవాక్కం అమ్మాయి:
దయచేసి కారిడార్‌కి వేరే థ్రెడ్ పెట్టుకోండి. నాకు తొమ్మిదో మూడో తేలాలి.

ఎదుటి ఒడ్డు:
శాస్త్రం కావాలన్న తమ్ముడికి శ్రీనాథుడి కాశీఖండం చదివి పెట్టండి. వ్యాసుడంతటివాడు శిష్యులతో కాశీలో ఉండగా రోజుల తరబడి భిక్ష పుట్టలేదు. ఆకలికి ఒళ్ళుమండి ఊరినే శపించబోయాడు. అమ్మవారు పిలిచి కడుపునిండా పెట్టింది. అయ్యవారు మాత్రం ఊరు విడిచి పొమ్మన్నాడు. గంగ అవతల రామ్‌నగర్ వైపు వ్యాసకాశి అంటారు, వెళ్ళి చూడండి. ఎన్నాళ్ళున్నావని కాశీలో ఎవరూ లెక్క కట్టలేదు, ఎలా ఉన్నావన్నదే చూశారు. అందుకని తొమ్మిది రాత్రులూ మోకాళ్ళ నొప్పితో కొడుకుని తిట్టుకుంటూ ఉండేకంటే మూడు రాత్రులు హాయిగా ఉండటం నయం. అయితే ఒకటి. మీ అమ్మగారు మోక్షం సంగతి పైకి చెప్తున్నారు గానీ, వాళ్ళమ్మ తిరిగినచోట తనూ కొన్నాళ్ళు తిరగాలనుకుంటున్నారేమో. దానికి వీకెండ్ చాలదు. నా ఓటు తొమ్మిదికే, అదీ మెల్లగా, రోజుకో గుడి.

వలసరవాక్కం అమ్మాయి:
ఇది అమ్మకి చదివి వినిపించాను. "ఆ చివర్న రాసినాయన ఏ ఊరు?" అంది. ఇంకో డౌటు. నాన్నకి గయలో పిండాలు పెట్టాలి. తొమ్మిది రాత్రుల మధ్యలో వెళ్ళి రావచ్చా?

రైల్వే రిటైర్డ్:
రాత్రి కాశీలోనే పడుకోవాలన్నది మన పెద్దల పట్టు. గయ కార్లో సుమారు 250 కిలోమీటర్లు. ఒక్కరోజులో వెళ్ళి, పని ముగించి తిరిగి రావాలంటే అమ్మగారికి నరకం. తొమ్మిదో నిద్ర అయ్యాక గయ వెళ్ళండి. అక్కడి నుంచి చెన్నైకి వారానికో రైలుంది, ఆ రోజు చూసుకుని వెనక్కి లెక్కేసి టికెట్లు తీయండి. పిండాలు పెట్టాల్సింది మీ తమ్ముడే కాబట్టి ఆయన నేరుగా గయకే రావచ్చు.

బెంగళూరు తమ్ముడు:
అక్క లింకు పంపింది. గయకి వస్తాను. ప్యాకేజీ క్యాన్సిల్ చేస్తే సగం డబ్బు పోతుంది, అది వేరే సంగతి. శాస్త్రం మాత్రం ఇంకా ఎవరూ చూపించలేదని గమనించగలరు. ఆశ్రమంలో కింది అంతస్తులో వెస్టర్న్ టాయిలెట్ ఉన్న గది దొరుకుతుందా?

కేదారఘాట్ మెట్లు:
అడిగితే దొరకొచ్చు గానీ ముందు అయిపోయేవి ఆ గదులే. ఫోన్ చేసినప్పుడే వయసు, మోకాళ్ళ సంగతి చెప్పండి. కార్తీకం, శివరాత్రి రోజులు వదిలేయండి, ఆ రద్దీలో ఎవరు చెప్పినా గది దొరకదు.