హిరోసాకి అమ్మాయికి తన మాండలికమంటే ఇంత గర్వం ఎలా వచ్చింది?

ప్రశ్న:
జపనీస్ సాధన కోసం ఉత్తర జపాన్‌లోని హిరోసాకి పట్టణానికి చెందిన ఒక ఉన్నత పాఠశాల విద్యార్థినితో కొంతకాలంగా ఆన్‌లైన్‌లో మాట్లాడుతున్నాను. నాతో ప్రామాణిక భాషలోనే మాట్లాడే ఆ అమ్మాయి, మధ్యలో బామ్మ పిలిస్తే ఇచ్చే జవాబు నాకు ఒక్క ముక్క అర్థం కాదు. అది త్సుగరు మాండలికమనీ, టోక్యో వారికీ అంతుపట్టదనీ గర్వంగా చెబుతుంది. ఆ బామ్మగారు మాత్రం వయసులో టోక్యోలో పనిచేసినప్పుడు యాస బయటపడుతుందని నోరు విప్పడానికే జంకేవారట. రెండు తరాల్లో ఇంత మార్పు ఎలా సాధ్యమైంది? ఇది నిజమైన అభిమానమా, నేటి పిల్లల సరదాయా?

మొదటి సమాధానం:
బామ్మగారి జంకుకు కారణం బడిలోనే ఉంది. 1904లో దేశమంతటికీ ఒకే ప్రభుత్వ వాచకం వచ్చి, చదువుకున్న టోక్యోవాసుల భాష ప్రమాణమయ్యాక, మాండలికం దిద్దవలసిన తప్పుగా మారింది. ఒకినావా బడుల్లోనైతే ఇంటి భాష మాట్లాడిన పిల్లల మెడలో శిక్షగా చెక్కపలక వేలాడదీసేవారు. ఆ తరువాత 1950, 60 దశకాల్లో, తొహోకు (హిరోసాకి ఉన్న ఈశాన్య జపాన్ ప్రాంతం) పల్లెల్లో మాధ్యమిక విద్య ముగించిన పిల్లలు గుంపులుగా రైలెక్కి ఉద్యోగాల కోసం టోక్యోలోని ఉఎనో స్టేషన్‌లో దిగేవారు. వారి యాసను నగరం ఎగతాళి చేసింది. మీ స్నేహితురాలికి ఆ బెడద లేదు. ప్రామాణిక భాష ఆమెకు టీవీతో, బడితో చిన్ననాడే అబ్బింది కనుక, మాండలికం వల్ల ఆమె కోల్పోయేదేమీ లేదు. గర్వపడే వెసులుబాటు అక్కడి నుంచే వచ్చిందని నా అభిప్రాయం.

రెండవ సమాధానం:
పై మాటతో ఏకీభవిస్తాను, కానీ సరదా పాలు కూడా లేకపోలేదు. తమది కాని మాండలికాన్ని సందర్భానికి తగ్గట్టు తొడుక్కునే నగర యువత అలవాటును భాషావేత్త తనాకా యుకారి ‘మాండలిక కాస్‌ప్లే’ (పాత్రల వేషం కట్టినట్టు మాండలికాన్ని కట్టడం) అన్నారు. 2013లో జపాన్ ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే ఉదయపు ధారావాహిక పుణ్యమా అని, తొహోకులోనే ఉన్న ఇవాతె తీరంలోని ఒక చిన్న ప్రాంతపు ఆశ్చర్యార్థకం ‘జెజెజె’ ఆ ఏటి ప్రసిద్ధ పదాల్లో ఒకటైంది. అన్నవారిలో ఎక్కువమంది ఆ తీరం ముఖమైనా చూసి ఉండరు. బామ్మకు జవాబివ్వడం ఆ కోవలోకి రాదు. అయితే ఆ అమ్మాయి తోటి పిల్లలతో ఏ భాషలో మాట్లాడుతుందో అడగండి. మాండలికం నిలుస్తుందో లేదో తేలేది అక్కడే.

మూడవ సమాధానం:
ఆమె ‘అవొమొరి మాండలికం’ అనకుండా ‘త్సుగరు’ అనడం గమనించారా? ఇప్పటి అవొమొరి ప్రిఫెక్చర్‌లో (రాష్ట్రం వంటి పాలనా విభాగం) హిరోసాకి ఉన్న పడమటి భాగం త్సుగరు వంశపు ఏలుబడిలోనూ, తూర్పు భాగం నంబు వంశపు ఏలుబడిలోనూ ఉండేవి. 1871లో రెండూ ఒక్కటయ్యాయి గానీ, తూర్పున హచినొహె వైపు మాండలికం నేటికీ వేరే. పండుగల్లోనూ ఈ పట్టింపు ఉంది: ఆగస్టు మొదటి వారంలో అవొమొరి నగరం భారీ బొమ్మల దీపరథాలతో ‘రస్సెరా’ అని కేకలు వేస్తే, హిరోసాకి వారు విసనకర్ర ఆకారపు రథాలు లాగుతూ ‘యా యా దో’ అంటారు. రెండింటినీ ఒకటిగా కలిపి మాట్లాడితే (నేను చూసినంతలో పర్యాటకులందరూ చేసే పని ఇదే) హిరోసాకి వారు నొచ్చుకుంటారు. రథానికి కాగితం అంటించడం, డప్పు, వేణువు నేర్పడం వాడవాడలా పెద్దల చేతి మీదుగా జరుగుతాయి. ఆ పెద్దలు మందలించేదీ మెచ్చుకునేదీ మాండలికంలోనే.

ప్రశ్న అడిగినవారు:
అడిగాను. స్నేహితులతో సగం సగమేనట. బామ్మ వాడే పాత మాటలు కొన్ని తనకే తెలియవట. వాడ రథం వెంట వేణువు వాయించేటప్పుడు మాత్రం ప్రామాణిక భాష మాట్లాడితే అందరూ నవ్వుతారని చెప్పింది.