భీమిలి పాతింటి గోడకు సున్నం పూత: పాళ్లు, మేస్త్రీ కావాలి

భీమిలి 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు. డచ్చివారి సమాధులు, గంటస్తంభం చూడ్డానికి అందరూ వస్తారు గానీ, ఆ కాలపు ఇళ్లను ఎవరూ పట్టించుకోరు. ఇది అలాంటి ఓ ఇటుక గోడ గురించి.

సున్నంతో కట్టిన గోడ మీద తర్వాతెప్పుడో సిమెంటు పూశారు. ఉప్పుచెమ్మ బయటికి పోయే దారిలేక లోపలే పేరుకుంది. తడితే బోలుగా మోగుతోంది. పెచ్చు ఊడిన చోట ఇటుక వేలితో రాస్తే పిండిలా రాలుతోంది. నేల నుంచి మూడడుగుల దాకా మరీ ఘోరం.

సిమెంటును ఉలితో చేత్తోనే తీయించాలని ఉంది. మిషను పెడితే ఇటుక అంచులు పోతాయి. ఇటుకల మధ్య సందులు 20 మిల్లీమీటర్ల లోతు గీకి, ఉప్పును పొడి బ్రష్షుతో దులిపి, ఒక పాలు సున్నానికి మూడు పాళ్లు ఏటి ఇసుక కలిపి, పొర 10 మిల్లీమీటర్లు మించకుండా పూత. మండుటెండలో సున్నం గట్టిపడక ముందే ఆరి పొడి పొడి అయిపోతుంది కాబట్టి, తుపాన్ల కాలం దాటాక, ఎండలు ముదరక ముందే పని.

ఇందులో సుర్కీ (ఇటుక పొడి) ఎంత కలపాలి? ఉప్పు గోడకు కరక్కాయ, బెల్లం నీళ్లు మంచివేనా? ఉప్పు లాగడానికి ముందు ఓ పలచని పూత వేసి తీసేయాలంటారు, ఎన్ని వారాలు ఉంచాలి? విశాఖ చుట్టుపక్కల గానుగ సున్నం (గానుగలో రుబ్బిన సున్నం) ఎక్కడ ఆడిస్తున్నారు? బస్తాల్లో అమ్మే పొడి సున్నం వద్దు. సున్నం పని తెలిసిన మేస్త్రీ ఏ ఊళ్లో దొరుకుతారో చెప్పినా చాలా మేలు.