లాంబ్డా కాల్‌లో ‘వెర్షన్’ పారామీటర్: తీసేద్దామా, ఉంచుదామా?

గోదారి_గట్టు:
మా టీమ్‌లన్నీ వాడే లైబ్రరీ ఒకటుంది. ఏడబ్ల్యూఎస్ లాంబ్డా (మన కోడ్‌ని అమెజాన్ క్లౌడ్‌లో నడిపే సర్వీస్) ఫంక్షన్‌ని కాల్ చేసేటప్పుడు అందులో ‘వెర్షన్’ పారామీటర్ ఇస్తే, లైబ్రరీ దాన్నే క్వాలిఫయర్‌గా, అంటే ఏ వెర్షన్ నడపాలో లాంబ్డాకి చెప్పే విలువగా పంపుతుంది. ఒకరు 17 అని, ఇంకొకరు 23 అని కోడ్‌లోనే రాసేసుకున్నారు. దాంతో పాత వెర్షన్ ఒక్కటీ డిలీట్ చేయలేకపోతున్నాం. పబ్లిష్ చేసిన (నంబర్ ఇచ్చి ఖాయం చేసిన) వెర్షన్‌లో కోడూ మారదు, రన్‌టైమూ (కోడ్‌ని నడిపే పైథాన్ వెర్షన్ లాంటిది) మారదు. కొన్ని ఇంకా పైథాన్ 3.7 మీదే ఉన్నాయి, దానికి లాంబ్డాలో సపోర్ట్ 2023 డిసెంబరులోనే ఆగిపోయింది. ఈ పారామీటర్‌ని డెప్రికేట్ చేసి (ఇక వాడొద్దని చెప్పి, మెల్లగా తీసేసి), ‘ప్రొడ్’, ‘టెస్ట్’ లాంటి ఎలియాస్‌లే (ఒక వెర్షన్‌కి పెట్టే పేర్లే) వాడమందామని నా ప్రతిపాదన. ఏమంటారు?

చట్నీ_తక్కువ:
నేనొప్పుకోను. ఎలియాస్‌ని ఇవాళ ఒక వెర్షన్‌కి పెడతారు, రేపు ఇంకోదానికి తిప్పుతారు. మాది బిల్లింగ్. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ స్లాబులు మారాయి. అంతకుముందు ఇచ్చిన బిల్లుకి ఇప్పుడు క్రెడిట్ నోట్ ఇవ్వాలంటే పాత లెక్కే కావాలి. నంబర్ ఇస్తే ఆ కోడే నడుస్తుందని మాకు ధీమా. మీరు ఇల్లు సర్దుకోవడానికి మా ధీమా ఎందుకు పోవాలి?

రాత్రి_షిఫ్ట్:
పన్ను రేటు కోసం కోడ్ వెర్షన్‌ని దాచుకోవడమేంటండీ? రేట్లు, అవి అమల్లో ఉన్న తేదీలు టేబుల్‌లో పెట్టండి. బిల్లు తేదీ పంపితే కొత్త కోడే పాత రేటు తీసుకుంటుంది.

చట్నీ_తక్కువ:
రేట్లు టేబుల్‌లోనే ఉన్నాయి. రౌండింగ్ కోడ్‌లో ఉంది. పైసల్లో తేడా వచ్చినా మా ఆడిటర్ ఊరుకోడు.

రాత్రి_షిఫ్ట్:
అలాగైతే ఆ వెర్షన్‌కి ‘పాత-రౌండింగ్’ అని ఎలియాస్ పెట్టి, దాన్ని కదపకండి. పేరు చూస్తే ఎందుకుంచారో తెలుస్తుంది. 17 అంటే ఎవరికి గుర్తుంటుంది?

సర్వర్_కాపలా:
తీసేయాలా వద్దా అన్నది తర్వాత, ఎలా తీసేస్తారన్నదే నా టెన్షన్. పారామీటర్ ఇచ్చినా లైబ్రరీ పట్టించుకోకుండా వదిలేసిందనుకోండి, క్వాలిఫయర్ లేని కాల్ నేరుగా $లేటెస్ట్‌కి పోతుంది. అంటే ఎవరో ఇప్పుడే ఎక్కించిన, ఇంకా పబ్లిష్ కూడా చేయని కోడ్ బిల్లు లెక్కకడుతుంది. ఎర్రర్ ఏమీ రాదు, 200 (అంతా సరే అనే కోడ్) వస్తుంది, అందరూ హాయిగా ఉంటారు! కొన్నాళ్లు వార్నింగ్ ఇచ్చి, తర్వాత ఎర్రర్ విసరండి. రెస్పాన్స్‌తో ‘ఎక్స్-ఏఎంజెడ్-ఎగ్జిక్యూటెడ్-వెర్షన్’ హెడర్ వస్తుంది, నడిచింది ఏ వెర్షనో అందులో ఉంటుంది. దాన్ని ముందు లాగ్ చేయడం మొదలుపెట్టండి.

గోదారి_గట్టు:
లాగ్ ఈ వారమే పెడతాం. నంబర్లు ఎవరెవరు వాడుతున్నారో తేలాకే ఎర్రర్ తేదీ చెబుతాం. చట్నీ గారూ, మీకు కావాల్సిన వెర్షన్లు చెప్పండి, ఎలియాస్‌లు మేమే పెడతాం.

చట్నీ_తక్కువ:
17, 19. రెండూ మీరు చెప్పిన పైథాన్ 3.7 బాపతే. పేరు పెట్టినంత మాత్రాన రన్‌టైమ్ మారదుగా, దానికేం చేద్దాం?